వాళ్లు పూర్తి చేసి వెళ్లారు

అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది ఆట గురించి కాదు. ఆ పేరుతో ఒక బ్యాండ్ ఉంది. 1997లో మొదలై, పట్టుమని మూడేళ్లు నడవకుండానే ఆగిపోయింది. ఉన్నన్నాళ్లూ చేసింది ఒక చిన్న ఈపీ, ఒక ఆల్బమ్. ఆ ఆల్బమ్ 1999 సెప్టెంబర్‌లో బయటికొచ్చేసరికి బ్యాండ్ దాదాపు లేదు. గొడవలేం జరగలేదు, డబ్బు దగ్గర తేడాలూ రాలేదు. కాలేజీ చదువు అయిపోయింది, అంతే. ముగ్గురూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

ఈ కారణం వింటే మనకి నవ్వొస్తుంది. మన క్యాంపస్‌లో ప్రతి బ్యాండూ, ప్రతి షార్ట్ ఫిల్మ్ టీమూ, ఆ మాటకొస్తే ఈ పత్రికని నడిపే ప్రతి బ్యాచూ ఆగిపోయేది ఇందుకే. కానీ వాళ్ల ఆల్బమ్‌ని పాతికేళ్ల తర్వాత కూడా దేశదేశాల్లో వింటున్నారు. మనం చేసినవి మన జూనియర్లకి కూడా దొరకవు. ఈ తేడా ఎక్కడొచ్చిందన్నదే నా ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రతిభ ఉంది, కాదనను. అదృష్టం కూడా ఉంది, బోలెడంత. కానీ ఆ రెండూ పని చెయ్యాలంటే ముందు ఇంకో రెండు జరగాలి. మొదలుపెట్టిన పనిని ఎవరో ఒకరు పూర్తి చెయ్యాలి. పూర్తయినదాన్ని ఎవరో ఒకరు దాచాలి. వాళ్ల దగ్గర ఈ రెండూ జరిగాయి. మన దగ్గర రెండూ జరగవు.

ఎమో అంటే జుట్టు కాదు

ముందు ఎమో అన్న మాట సంగతి చూద్దాం. మనలో చాలామందికి ఇది మీమ్స్ ద్వారానే తెలుసు. ఒక కంటి మీద పడే జుట్టు, కాటుక, నల్ల టీషర్టు, ఏడుపు ముఖం. అది 2000ల నాటి ఫ్యాషన్. అసలు కథ 1980ల మధ్యలో వాషింగ్టన్ డీసీలో మొదలైంది. అప్పట్లో అక్కడ హార్డ్‌కోర్ పంక్ జోరు మీద ఉండేది. వేగం, అరుపులు, వ్యవస్థ మీద కోపం. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే కుర్రాళ్ల బ్యాండ్ 1985లో డిస్‌కార్డ్ రికార్డ్స్ ద్వారా ఒక ఆల్బమ్ తెచ్చింది. అదే వేగం, అదే అరుపు. కాకపోతే ఆ అరుపు బయటి లోకం మీద కాకుండా పాడేవాడి లోపలి దిగులు వైపు తిరిగింది. దాన్ని ఎమోషనల్ హార్డ్‌కోర్ అన్నారు. పలకడానికి బద్ధకమేసి ఎమో అన్నారు. తమాషా ఏంటంటే, ఎమోకి మూలపురుషుడని అందరూ చెప్పే ఆ బ్యాండ్ గాయకుడు గై పిచియోటో ఆ పేరుని ఏనాడూ ఒప్పుకోలేదు.

1990లకి ఈ ధోరణి అమెరికా మధ్య రాష్ట్రాలకి, అంటే మిడ్‌వెస్ట్‌కి చేరింది. మొక్కజొన్న చేలు, చిన్న చిన్న ఊళ్లు, పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఉండే ప్రాంతం. షికాగో శివార్లలో క్యాప్‌న్ జాజ్ అని ఒక బ్యాండ్ ఉండేది. స్కూలు వయసులో మొదలుపెట్టి 1995లో విడిపోయారు. దాంట్లో పాడేవాడు టిమ్ కిన్సెల్లా, డ్రమ్స్ వాయించేవాడు అతని తమ్ముడు మైక్. ఈ మైక్ కిన్సెల్లాయే తర్వాత పై చదువుకి అర్బానా వెళ్లాడు.

అర్బానా అంటే మనకి తెలిసిన ఊరే

ఎంఎస్ అప్లికేషన్లు పెట్టే సీనియర్లని అడగండి, యూఐయూసీ పేరు ఎంత భక్తిగా పలుకుతారో. యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్. వెబ్‌ని మామూలు జనానికి దగ్గర చేసిన మొజాయిక్ బ్రౌజర్ 1993లో అక్కడి ఎన్‌సీఎస్‌ఏలోనే పుట్టింది. కంపైలర్స్ సబ్జెక్టులో మనం పేరు వినే ఎల్‌ఎల్‌వీఎం కూడా 2000లో అక్కడ రీసెర్చ్ ప్రాజెక్టుగా మొదలైందే. మన బ్యాండ్ కూడా ఆ క్యాంపస్‌దే. మైక్ కిన్సెల్లా గిటార్, గాత్రం. స్టీవ్ హోమ్స్ రెండో గిటార్. స్టీవ్ లామోస్ డ్రమ్స్, అవసరమైన చోట ట్రంపెట్. బేస్ గిటార్‌కి మనిషి లేడు. ఆల్బమ్‌లో వినిపించే బేస్ కిన్సెల్లా విడిగా వాయించి కలిపిందే.

1998లో పాలీవినైల్ అనే చిన్న సంస్థ వీళ్ల ఈపీ వేసింది. పాలీవినైల్ గురించి మన పత్రిక పాఠకులకి ప్రత్యేకంగా చెప్పాలి. అది పాటల కంపెనీగా పుట్టలేదు. 1990ల మధ్యలో ఇల్లినాయ్‌లోని డాన్‌విల్ అనే ఊళ్లో మ్యాట్ లన్స్‌ఫర్డ్, డార్సీ నైట్ అనే ఇద్దరు ఒక ఫ్యాన్‌జీన్ మొదలుపెట్టారు. ఫ్యాన్‌జీన్ అంటే అభిమానులే రాసుకుని, అచ్చేసుకుని, పంచుకునే పత్రిక. ఇంచుమించు మనం చేస్తున్న పనే. నచ్చిన బ్యాండ్ల గురించి రాస్తూ రాస్తూ, వాళ్ల పాటల్ని తామే విడుదల చెయ్యడం మొదలుపెట్టారు.

ఇక ఆల్బమ్ సంగతి. 1999 నాటికి బ్యాండ్‌కి పెద్ద పేరేం లేదు. వాయించిన కచేరీలూ తక్కువే. పైగా ఇంక ఎక్కువ కాలం నడవదని ముగ్గురికీ తెలుసు. అలాంటప్పుడు మనమైతే ఏం చేస్తాం? "ఎలాగూ అయిపోతోంది కదా, ఇప్పుడెందుకులే" అనుకుంటాం. వాళ్లు అర్బానాలోనే ఒక స్టూడియోకి వెళ్లి, నాలుగైదు రోజుల్లో తొమ్మిది పాటలు రికార్డు చేశారు. మొత్తం నలభై నిమిషాల పైచిలుకు. అట్ట మీదకి ఊళ్లో ఉన్న ఒక తెల్లటి ఇంటి ఫోటో. క్రిస్ స్ట్రాంగ్ తీశాడు. రాత్రి పూట, పై అంతస్తు కిటికీలో దీపం వెలుగుతుంటే కింది నుంచి చూసినట్టు ఉంటుంది. స్టూడెంట్లు అద్దెకుండే మామూలు ఇల్లు. ఆల్బమ్‌కి పేరు కూడా ఆలోచించలేదు, బ్యాండ్ పేరే పెట్టేశారు. తర్వాత విడిపోయారు.

ఆ పాటల్లో ఏముంది

నేను సంగీత విమర్శకుణ్ణి కాను. మెకానికల్ మూడో ఏడులో ఒక సీనియర్ అన్న హాస్టల్ మెట్ల మీద కూర్చుని గిటార్‌లో "నెవర్ మెంట్" మొదటి వరుస వాయిస్తుంటే విన్నాను. అదేంటో అర్థం కాలేదు, కానీ కదలబుద్ధి కాలేదు. అలా మొదలైంది.

ఎమో అంటే అరుపులు ఉంటాయనుకుని వింటే ఇక్కడ అరుపే లేదు. గిటార్లు రెండూ నీళ్లు పారుతున్నట్టు మెల్లగా, శుభ్రంగా మోగుతుంటాయి. కర్ణాటక సంగీతం కాస్త విన్నవాళ్లకి ఇందులో ఇంకో రుచి దొరుకుతుంది. సినిమా పాటల్లో ఎక్కువగా వినే నాలుగు లెక్క ఇక్కడ నిలకడగా ఉండదు. ఖండచాపు, మిశ్రచాపుల్లాగా ఐదులు, ఏడులు వస్తుంటాయి. ఒక గిటార్ ఒక లెక్కలో తిరుగుతుంటే రెండోది వేరే లెక్కలో తిరుగుతుంది. ఒకడు ఐదు, ఇంకొకడు ఏడు చొప్పున వాయిస్తే ముప్పై ఐదో దెబ్బ దాటాక మళ్లీ మొదట్లో కలుస్తారు కదా, అలా. హైస్కూల్లో నేర్చుకున్న కసాగుకి ఇంత అందమైన ఉపయోగం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. చిన్న చిన్న వరుసల్ని తిప్పి తిప్పి వాయించే అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ ప్రభావం వీళ్ల మీద ఉందని అంటారు. వింటే నిజమే అనిపిస్తుంది.

శ్రుతి కూడా మామూలుది కాదు. గిటార్ తీగలు మామూలుగా ఇ-ఎ-డి-జి-బి-ఇ. "నెవర్ మెంట్"కి ఎఫ్-ఎ-సి-జి-సి-ఇ. మారేది మూడు తీగలే. రెండు అర మెట్టు పైకి, ఒకటి ఒక మెట్టు కిందికి. ఆ కాస్త మార్పుకే, వేళ్లు ఏమీ నొక్కకుండా మీటినా తీగల్లోంచి ఒక దిగులు వస్తుంది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ ఎవరు మిడ్‌వెస్ట్ ఎమో నేర్చుకుందామన్నా ముందు చేసేది ఈ మూడు తీగల్ని తిప్పడమే.

మాటలు చాలా తక్కువ. కిన్సెల్లా గొంతు కూడా గొప్ప గొంతు కాదు. పక్క బెంచీవాడు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. చెప్పేది కూడా పెద్ద విషాదమేం కాదు. వేసవి అయిపోతోంది, ఒక ప్రేమ అయిపోతోంది, ఈ ఊరు వదిలి వెళ్లాలి, వెళ్లేముందు చెప్పాల్సింది సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఇంతే. మధ్యలో లామోస్ ట్రంపెట్ అందుకుంటాడు. మాటలు చాలని చోట ట్రంపెట్ మాట్లాడినట్టు ఉంటుంది. ఫేర్‌వెల్ రోజు రాత్రి హాస్టల్ టెర్రస్ మీద కూర్చున్న వాళ్లెవరికైనా ఈ దిగులుకి అనువాదం అక్కర్లేదు.

పదిహేనేళ్ల నిశ్శబ్దం

ఆల్బమ్ వచ్చింది. పెద్దగా ఏమీ జరగలేదు. కిన్సెల్లా తర్వాత ఓవెన్ అనే పేరుతో ఒంటరిగా పాటలు చేసుకున్నాడు. లామోస్ చదువు కొనసాగించి కొలరాడో యూనివర్సిటీలో రైటింగ్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్ అయ్యాడు. హోమ్స్ ఉద్యోగంలో పడ్డాడు.

ఈ లోపు పాట తన పని తాను చేసుకుపోయింది. 2000ల మొదట్లో ఫైల్ షేరింగ్ వచ్చింది. ఒకరి దగ్గర్నుంచి ఒకరికి ఎంపీత్రీలు వెళ్లాయి. తర్వాత యూట్యూబ్ వచ్చింది. తన గదిలో కూర్చుని గిటార్ నేర్చుకునే ప్రతివాడికీ "నెవర్ మెంట్" ఒక పరీక్ష పేపర్ అయింది. ఎమో ఫ్యాషన్ పోయి, చిన్న చిన్న ఊళ్లలో కొత్త కుర్రాళ్లు మళ్లీ 1990ల తరహా పాటలు మొదలుపెట్టినప్పుడు, అంటే ఎమో రివైవల్ అని పిలిచే కాలంలో, అందరూ చేతులెత్తి చూపించిన పాత రికార్డుల్లో ఇదొకటి. ప్రచారం లేదు, పర్యటనలు లేవు, ఇంటర్వ్యూలు ఇవ్వడానికి బ్యాండే లేదు.

కానీ ఒక్కటుంది. పాలీవినైల్ ఆ ఆల్బమ్‌ని వదిలెయ్యలేదు. ఎవరైనా విని, నచ్చి, అడిగితే ఇవ్వడానికి సిద్ధంగా పెట్టుకుంది. 2014లో పాత ప్రాక్టీస్ రికార్డింగులు, లైవ్ రికార్డింగులు కూడా చేర్చి కొత్తగా వేస్తున్నామని ప్రకటించింది. జనం తాకిడికి వాళ్ల వెబ్‌సైట్ కుప్పకూలింది. మన రిజల్ట్స్ రోజు యూనివర్సిటీ సైట్ పడిపోతుంది చూడండి, అలా. అదే ఏడాది బ్యాండ్ మళ్లీ కలిసింది. న్యూయార్క్‌లో కచేరీ టికెట్లు అయిపోయాయి. కాలేజీ రోజుల్లో చిన్న గదుల్లో వాయించినవాళ్లు నలభైకి దగ్గరపడ్డాక పెద్ద హాళ్లలో వాయించారు. బేస్‌కి ఈసారి మైక్ కజిన్ నేట్ కిన్సెల్లా వచ్చాడు. 2016లో రెండో ఆల్బమ్, 2019లో మూడోది. మూడోదాంట్లో పారామోర్ గాయని హేలీ విలియమ్స్ ఒక పాట పాడింది. 2024లో మొదటి ఆల్బమ్‌కి పాతికేళ్లు నిండాయని, ఐరన్ అండ్ వైన్, ఎథెల్ కెయిన్ లాంటివాళ్లు అందులోని పాటల్ని తమ తీరులో పాడి ఇచ్చారు.

ఇంటి కథ ఇంకా విచిత్రం. అట్ట మీది ఆ ఇల్లు పర్యాటక స్థలమైపోయింది. జనం వచ్చి రోడ్డు మీద నిలబడి, అదే కోణంలో ఫోటోలు తీసుకుని వెళ్తారు. 2023లో బ్యాండ్, పాలీవినైల్, ఫోటో తీసిన క్రిస్ స్ట్రాంగ్, ఇంకొందరు కలిసి ఆ ఇంటిని కొనేశారు. ఎవరైనా కొని కూలగొడతారేమోనని భయం.

ఇల్లు కొనడం నాకు అంత గొప్పగా అనిపించదు. అది గుడి కట్టడం లాంటిది. మంచిదే, తప్పేం లేదు. కానీ ఆ బ్యాండ్ వదిలి వెళ్లింది ఇల్లు కాదు. ఏదో ఒక ఊళ్లో ఎవడో ఒకడు మూడు తీగలు తిప్పి, ఐదు లెక్కలో ఏదో వాయించుకుంటూ, తన భాషలో తన ఊరు వదిలి వెళ్లడం గురించి నాలుగు మాటలు రాసుకుంటున్నాడు చూడండి, వాళ్ల వారసత్వం అది. ఇల్లు రేపు కూలినా అది కూలదు.

"అది సర్వైవర్‌షిప్ బయాస్ కదా?"

ఇంజనీరింగ్ కాలేజీలో ఈ మాట రాకుండా ఉండదు. నా రూమ్మేట్ మొదటి డ్రాఫ్ట్ చదివి అడిగింది ఇదే. "1999లో అలాంటి కాలేజీ బ్యాండ్లు వేలల్లో ఉండుంటాయి. అందరూ ఆల్బమ్‌లు చేసుంటారు. ఒకటి బతికింది. నువ్వు బతికినదాన్ని చూసి సూత్రం రాస్తున్నావు." రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాల మీది బుల్లెట్ రంధ్రాలు చూసి, రంధ్రాలు లేని చోటే కవచం పెట్టాలని అబ్రహాం వాల్డ్ చెప్పిన కథ మనందరికీ తెలిసిందే.

ప్రశ్న న్యాయమైనదే. పూర్తి చేసి దాచిన ప్రతిదీ బతుకుతుందని నేను అనడం లేదు. నూటికి తొంభై తొమ్మిది బతకవు. కానీ ఇదే లెక్కని రెండో వైపు నుంచి చూడండి. పూర్తి కానిది, ఎక్కడా దొరకనిది ఒక్కటైనా బతికిందా? అదృష్టం తలుపు కొట్టినప్పుడు లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. ముందు ముందు యూట్యూబ్ వస్తుందని, ఎమోకి మళ్లీ రోజులొస్తాయని ఆ ముగ్గురికీ తెలీదు. వాళ్ల చేతిలో లేని సంగతులు అవన్నీ. చేతిలో ఉన్నది నాలుగైదు రోజుల రికార్డింగ్. అది చేశారు.

రెండో అభ్యంతరం ఇంకొంచెం బలమైనది. "వాళ్లది అమెరికా. ఊళ్లోనే స్టూడియో, ఊళ్లోనే లేబుల్, వాయించుకోవడానికి అద్దె ఇళ్లు. మనకి ఎనిమిదింటికే హాస్టల్ గేట్ వేస్తారు. మిడ్ ఎగ్జామ్స్, ల్యాబ్ రికార్డులు, ఎనభై శాతం అటెండెన్స్. ఎవడికుంది టైమ్?" ఇది నిజం, నేను వాదించను. కానీ 1999లో స్టూడియోకి వెళ్తే తప్ప దొరకని చాలా సౌకర్యాలు ఇప్పుడు మన ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. నాకు కనిపించిన కొరత యంత్రాలది కాదు, అలవాటుది. దానికి రుజువులు మన దగ్గరే ఉన్నాయి.

మన దగ్గర ఏం జరుగుతోంది

మా మ్యూజిక్ క్లబ్ సీనియర్లు కొందరు మూడేళ్ల కిందట ఐదు తెలుగు పాటలు సొంతంగా రాసుకుని, బాణీ కట్టుకుని పాడారు. అందులో ఒకటి బస్టాండ్‌లో అమ్మని వదిలి హాస్టల్‌కి వచ్చే రాత్రి గురించి. ఫెస్ట్‌లో ఆ పాట విన్నప్పుడు ఆడిటోరియం మొత్తం ఫోన్లు దించేసింది. అది నా కళ్లతో చూశాను. ఇప్పుడు ఆ పాట ఎక్కడుంది? డ్రైవ్ లింక్ ఉంది. నొక్కితే ఫైల్ లేదంటుంది. కోర్సు అయిపోయాక ఆ కాలేజీ మెయిల్ అకౌంట్ తీసేశారు, దాంతోపాటు పాటలూ పోయాయి. పాడిన అన్నకి ఫోన్ చేశాను. "ఉంటుంది తమ్ముడూ, పాత హార్డ్ డిస్క్‌లో ఎక్కడో ఉంటుంది, వీకెండ్ చూసి పంపిస్తా" అన్నాడు. ఆయన మంచివాడే. కానీ ఆ వీకెండ్ ఇంకా రాలేదు.

రెండేళ్ల కిందట ఒక షార్ట్ ఫిల్మ్ మొదలైంది. షూటింగ్ అయింది. ఎడిటింగ్ సగంలో ప్లేస్‌మెంట్స్ వచ్చాయి. రెజ్యూమెలో "డైరెక్టెడ్ ఎ షార్ట్ ఫిల్మ్" అన్న లైను మాత్రం అందరికీ పడింది. సినిమా ఎవరూ చూడలేదు. మన పత్రిక విషయం ఇంకా సిగ్గు. నేను ఎడిటోరియల్ టీమ్‌లో చేరినప్పుడు పాత సంచికలు అడిగితే మూడే దొరికాయి. మొదటి సంచిక ఎప్పుడొచ్చిందో చెప్పేవాళ్లు కూడా లేరు.

దీనికంతటికీ కారణం బద్ధకం అనుకోను. మనం ప్రతి పనికీ "దీనివల్ల ఏంటి?" అని అడగడం నేర్చుకున్నాం. సర్టిఫికెట్ వస్తుందా, పాయింట్లు వస్తాయా, ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చా? పని మొదలుపెడితే చాలు, వీటికి జవాబు దొరికేస్తుంది. పూర్తి చెయ్యక్కర్లేదు. పూర్తి చెయ్యడం వల్ల వచ్చే లాభం మనకి కాదు, తర్వాత వచ్చేవాళ్లకి. ఆ లాభానికి రెజ్యూమెలో గడి లేదు.

ఇంకో జబ్బు కూడా ఉంది, "బాగా వచ్చాక పెడదాం" అనేది. బాగా రావడం ఎప్పటికీ జరగదు, సెమిస్టర్ మాత్రం అయిపోతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ మొదటి ఆల్బమ్‌లో గొంతు అక్కడక్కడా తడబడుతుంది. గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు వినిపిస్తుంది. వాళ్ల తర్వాతి ఆల్బమ్‌లు ఇంతకంటే నున్నగా, పెద్దరికంగా ఉంటాయి. అయినా జనం మళ్లీ మళ్లీ వెళ్లేది మొదటిదాని దగ్గరికే. ఇరవై రెండేళ్ల వయసులో ఊరు వదులుతున్నప్పుడు ఎలా ఉంటుందో ఆ వయసులోనే చెప్పగలం. నలభై ఏళ్లకి ఇంకా బాగా వాయించొచ్చు, అది మాత్రం చెప్పలేం.

మన సాహిత్యంలోనూ ఇలాంటి చిన్న పనికి విలువ తెలిసినవాళ్లున్నారు. శ్రీశ్రీ తన మహాప్రస్థానాన్ని అంకితమిచ్చింది రాజుకీ కాదు, జమీందారుకీ కాదు. చిన్న వయసులోనే పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకి. ఆయన నడిపిన "ఉదయిని" కొద్ది సంచికలకే ఆగిపోయిన పత్రిక. ఆగిపోయినంత మాత్రాన ఆ పని లెక్కలోకి రాకుండా పోలేదు.

మరి ఏం చేద్దాం

ఉపన్యాసం చాలు. నేను కోరేవి నాలుగు చిన్న పనులు.

ఒకటి. ఏ టీమ్ అయినా పని మొదలుపెట్టిన రోజే ముగింపు తేదీ రాసుకోవాలి. చివరి సెమిస్టర్ ఫిబ్రవరి దాటకూడదు. ఆ రోజుకి ఎలా ఉంటే అలా బయటికి రావాలి.

రెండు. ఎవరి సొంత అకౌంట్‌లోనూ పెట్టకూడదు. క్లబ్ పేరుతో ఒక అకౌంట్, లైబ్రరీలో ఒక కాపీ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక కాపీ. మూడు చోట్ల ఉంటే ఒకటైనా మిగులుతుంది.

మూడు. ఫైల్ పేరు "ఫైనల్ ఫైనల్ 2 న్యూ" అని ఉండకూడదు. ఏ పని, ఏ ఏడాది, ఎవరెవరు ఏం చేశారు అని ఒక పేజీ రాసి పక్కన పెట్టాలి. లైట్ పట్టుకున్నవాడి పేరు కూడా ఉండాలి.

నాలుగు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ప్రతి క్లబ్‌లో దాచే పని ఒక మనిషికి అప్పగించాలి. పాడేవాడు, రాసేవాడు, తీసేవాడు అందరికీ కనిపిస్తారు. దాచేవాడు కనిపించడు. పాలీవినైల్ మొదలుపెట్టిన ఆ ఇద్దరూ గిటార్ పట్టుకుని స్టేజీ ఎక్కి ఈ పాటలు పాడలేదు. వాళ్లు లేకపోతే మా సీనియర్ అన్న హాస్టల్ మెట్ల మీద వాయించడానికి ఆ పాట ఉండేది కాదు.

మన సంచికలన్నీ వెతికి పోగేసే పని ఈ సెమిస్టర్ నేను తీసుకుంటున్నాను. పాత సంచికలు పీడీఎఫ్‌గానో, ప్రింట్‌గానో, కనీసం వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన ఫోటోలుగానో మీ దగ్గర ఉంటే క్లబ్ మెయిల్‌కి పంపండి. అలమ్నై అన్నలూ, అక్కలూ, ఇది మీకు కూడా. ఆ హార్డ్ డిస్క్ ఈ వీకెండ్ ఒకసారి తీసి చూడండి. బస్టాండ్ పాట మాకు కావాలి.